మిగతాది వచ్చే గురువారం

బాగ్దాద్‌లో, బయా పేటలో, గాలిబ్ ఇంటి హాల్లో కిటికీ పక్క మూలన కంప్యూటర్ ఉండేది. దాని మీద అతని భార్య నజీహా అల్లిన తెల్ల దారపు ముసుగు. ఆ ఊరి దుమ్ము సంగతి తెలిసినవాళ్ళు ఏ వస్తువునీ ముసుగు లేకుండా వదలరు. నజీహా అయితే టీవీ రిమోటుకి కూడా ప్లాస్టిక్ కవరు తొడిగే మనిషి.

కంప్యూటర్ మంచిచెడ్డలు చూసే పని మాత్రం కూతురు రఫల్‌ది. ఒక్కతే కూతురు, పందొమ్మిదేళ్ళు. గురువారం కాలేజీ నుంచి రాగానే సంచీ మంచం మీద పడేసి సీపీయూ డబ్బా మూత విప్పేది. తండ్రి పాత గడ్డం బ్రష్షుతో ఫ్యాను రెక్కల సందుల్లో దుమ్ము దులిపేది. అది పాత బ్రష్షేం కాదనీ, ఈ పిల్ల చేతిలో పడే పాతదయిందనీ గాలిబ్ ప్రతివారం దెబ్బలాడేవాడు. ఆ తరవాత కుర్చీలో బాసింపట్టు వేసుక్కూచుని పనికిరాని ఫైళ్ళన్నీ ఏరి పారేసేది, చెత్తబుట్ట ఖాళీ చేసేది, ఆఖర్న డిస్కు సర్దే పని మొదలుపెట్టి టీ తాగుతూ చూసేది. తెర మీద చెల్లాచెదురుగా ఉన్న ఎర్రగీతలు మెల్లగా జరిగి జరిగి నీలంగా ఒకచోట చేరేవి. చూస్తుంటే నిద్రొచ్చేంత నెమ్మది. అయినా ఆ పిల్లకి అదంటే ప్రాణం.

నజీహాకి పారెయ్యడమంటేనే గిట్టదు. ఆవిడ వంటింట్లో పిడి విరిగిన గరిటెలూ, మూతల్లేని సీసాలూ ఒక అలమరా నిండా ఉండేవి. మా అమ్మ చేతికి ఈ కంప్యూటర్ ఇస్తే రెణ్ణెల్లలో ఊపిరాడక చస్తుందని రఫల్ వచ్చినవాళ్ళందరి ముందూ తల్లిని ఆటపట్టించేది.

ముందు ఊపిరాడనిది రఫల్‌కే. గుండెలో కవాటం పాడయిందన్నారు. ఆపరేషనుకి పేరు రాయించారు. వంతు రాలేదు. ఆ చలికాలమంతా పిల్ల హాల్లోనే, కంప్యూటర్ పక్కన పరుపేసుకుని పడుకుంది. తల్లి వంటింట్లో ఉన్నప్పుడు మైకు నోటి దగ్గర పెట్టుకుని గుసగుసగా ఏదో మాట్లాడుతూ ఉండేది. ఏంటమ్మా అది అని అడిగితే, పాఠం అప్పజెప్పుకుంటున్నా అనేది.

పిల్ల పోయిన నలభయ్యో రోజు అయ్యింది. వచ్చిన చుట్టాలంతా వెళ్ళిపోయాక నజీహా కంప్యూటర్ ముసుగు తీసింది. తెర మీద ఒక ఫోల్డరు, 'అమ్మకి' అని పేరు. లోపల ఏడు రికార్డులు.

"అమ్మా, ఇది మొదటి పాఠం," అంది రఫల్ గొంతు, కాస్త ఆయాసంగా. "నేను లేనప్పుడు ఈ డబ్బాని నువ్వే చూసుకోవాలి. భయపడకు, కరవదు. ముందు మూత విప్పు."

అన్నీ అలాంటివే. దుమ్ము ఎలా దులపాలి, అక్కర్లేనివి ఎలా గుర్తుపట్టాలి, సర్దడం ఎప్పుడు మొదలుపెట్టాలి. ప్రభుత్వ కరెంటు పోయి వీధి జనరేటరుకి మారే వేళ చూసుకోమని రెండుసార్లు చెప్పింది. గోడ మీది మీట మార్చే ఆ ఒక్క క్షణంలో డబ్బా ఆరిపోతుందట, మధ్యలో ఉన్న పని చెడుతుందట. మూడో పాఠం పారెయ్యడం గురించి.

"నువ్వు పారేసినవి బుట్టలోకి పోతాయి. బుట్ట ఖాళీ చేస్తే ఇక పోయాయనుకుంటావు. పోవమ్మా. పేరొక్కటే చెరిగిపోతుంది. వస్తువు అక్కడే పడుంటుంది, దాని మీద ఇంకొకటొచ్చి కూచునేదాకా."

ఏడో పాఠం పూర్తి కాలేదు. డిస్కు మొత్తాన్ని తుడవడం ఎలాగో మొదలుపెట్టింది గానీ దగ్గు తెర వచ్చి ఆగిపోయింది. చాలాసేపు ఆయాసపు చప్పుడు. తరవాత, "మిగతాది వచ్చే గురువారం చెప్తానమ్మా," అంది. ఆ గురువారం ఆ పిల్ల చూడలేదు. బుధవారం తెల్లవారుజామునే ఆస్పత్రిలో వెళ్ళిపోయింది.

పోయినవాళ్ళు గురువారం సాయంత్రం తమ ఇల్లు ఓసారి చూసి పోతారని అక్కడి పెద్దవాళ్ళు అంటారు. అందుకని నజీహా ప్రతి గురువారం వీధిలో పిల్లలకి ఖర్జూరాలు పంచేది, ఇంట్లో సాంబ్రాణి వేసేది, ఆ తరవాత కంప్యూటర్ ముందు కూచుని ఏడు పాఠాలూ వరసగా వినేది. వినడమే. ఒక్క పాఠంలోని పనైనా చేసేది కాదు. ఏ ఫైలు కదిపితే ఎక్కడ ఆ గొంతుకి దెబ్బ తగులుతుందోనని ఆవిడ భయం. కూతురు చెప్పిన పని చేస్తే కూతురే చెరిగిపోతుందేమోనన్నంత భయం. చెత్త అలాగే పేరుకుంది. దుమ్ము అలాగే పేరుకుంది.

వేసవి వచ్చేసరికి కంప్యూటర్ తెరుచుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టేది. లోపల ఎవరో గోళ్ళతో గీకుతున్నట్టు కటకటమనేది. ఒక గురువారం రఫల్ గొంతు మొదటి మాట దగ్గరే చిక్కుకుపోయింది. "అమ్మా, ఇది మొద... మొద... మొద..." అంటూనే ఉంది.  నజీహా మొగుణ్ణి పిలిచింది.

గాలిబ్ నీళ్ళ పంపుల ఆఫీసులో ఉద్యోగి. తక్కువ మాటల మనిషి. పెన్ డ్రైవు తెచ్చి ఆ ఫోల్డరుని అందులోకి ఎక్కించి చూశాడు. ఫైళ్ళు ఎక్కాయి గానీ విప్పితే ఒక్కటీ పలకలేదు. ఇక లాభం లేదు, మునాఫ్‌ని పిలవాల్సిందే అన్నాడు. వారం రోజులు నజీహా ససేమిరా అంది. డిస్కు ఈ గొంతుని మింగేశాక ఏడ్చి ప్రయోజనం లేదని అతను నచ్చజెప్పాక ఒప్పుకుంది.

మునాఫ్ కంప్యూటర్ రిపేరు కొట్టు వీధి చివరే. వచ్చాడు, డబ్బాకి చెవి ఆనించి విన్నాడు, డిస్కు కొనప్రాణంతో ఉందన్నాడు. అందులోవన్నీ ఇంకో డిస్కులోకి మార్చి తెచ్చిస్తానని డబ్బా చంకనెత్తుకుని బయల్దేరాడు.

అతను గుమ్మం దాటగానే నజీహా లోపలికి పరిగెత్తి కూజాతో నీళ్ళు తెచ్చి అతని వెనక దారి మీద పోసింది. ఊరెళ్ళేవాళ్ళ వెనక అలా నీళ్ళు పోస్తే క్షేమంగా తిరిగొస్తారని వాళ్ళ నమ్మకం. చెప్పులు తడిసి మునాఫ్ వెనక్కి తిరిగాడు.

"సాయంత్రానికి తెచ్చేస్తా కదా, ఉమ్ రఫల్," అన్నాడు నవ్వుతూ. "దీనిక్కూడా నీళ్ళెందుకు?"

రఫల్ తల్లి కాబట్టి ఆ వీధిలో అందరికీ ఆవిడ ఉమ్ రఫలే. కట్టుకున్నవాడికి కూడా అంతే. మునాఫ్ నవ్వినా ఆవిడ నవ్వలేదు. ఆ చలికాలపు పొద్దున పాడె లేచినప్పుడు ఇలాగే కూజా పట్టుకుని గుమ్మంలోకి పరిగెత్తింది. ఆడపడుచు వచ్చి చెయ్యి పట్టుకుంది. తిరిగొచ్చేవాళ్ళకి పోస్తారమ్మా నీళ్ళు, అంది. కూజా నిండుగా అలాగే లోపలికి పోయింది. ఇవాళ పోసినప్పుడు మనసులో డబ్బా ఉందో, పాడె ఉందో, నజీహా తనకు తాను కూడా చెప్పుకోలేదు.

డబ్బా సాయంత్రానికి తిరిగొచ్చింది. ఫోల్డరు ఉంది. ఏడు పాఠాలూ ఉన్నాయి. రఫల్ గొంతు ఎక్కడా తడబడలేదు. పాత డిస్కు మాత్రం అన్నీ ఇచ్చేశాక ప్రాణం వదిలిందని మునాఫ్ చెప్పాడు. నజీహా అతని నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించింది.

ఆ వచ్చిన గురువారం ఫోల్డరు విప్పితే ఎనిమిది ఫైళ్ళున్నాయి.

మూడుసార్లు లెక్కపెట్టుకుంది. ఎనిమిదే. ఎనిమిదోదాని మీద నొక్కింది. మొదట ఇసుక జారుతున్న చప్పుడు. తరవాత ఆయాసం. ఆ ఆయాసం ఎవరిదో ఆవిడకి ఒకరు చెప్పాలా?

"అమ్మా... పోయిన గురువారం మధ్యలో ఆపేశాను కదా. కోపం తెచ్చుకోకు. చాలా దూరం వెళ్ళిపోయాను. నీళ్ళ చప్పుడు వినిపించి వెనక్కొచ్చాను."

భయపడాల్సిన మాటే. అయినా నజీహా భయపడలేదు. నేల మీద కూలబడి, స్పీకరుని ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లని ఆడించినట్టు ముందుకీ వెనక్కీ ఊగింది. గాలిబ్ ఆఫీసు నుంచి రాగానే అతన్నీ కూచోబెట్టి వినిపించింది. అతనికి ఇసుక జారే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.  పెరట్లోకి వెళ్ళి రెండుసార్లు మొహం కడుక్కుని వచ్చాడు. నాకూ వినిపిస్తే ఎంత బాగుండేదే అన్నాడు. అప్పుడు ఇద్దరూ ఏడ్చారు. ఎవరి ఏడుపు వాళ్ళు ఏడ్చారు.

తొమ్మిదో పాఠం పొట్టిది. "ఇక్కడ ఇరుకుగా ఉందమ్మా. కాళ్ళు చాపుకోడానికి లేదు." నజీహా కంగారుపడి డిస్కులో చోటెంతుందో చూసింది. ఎలా చూడాలో నాలుగో పాఠంలో ఉంది. తన ఫైళ్ళన్నీ కలిపినా పావు వంతు కూడా లేవు. అయినా డిస్కు నిండిపోవచ్చిందని చూపిస్తోంది. మొట్టమొదటిసారిగా ఆవిడ కూతురు చెప్పినట్టు పనికిరానివి ఏరి పారేసింది, బుట్ట ఖాళీ చేసింది, సర్దడం పెట్టి చివరిదాకా కూచుంది. మర్నాటికి డిస్కు మళ్ళీ నిండిపోయి ఉంది.

పదో పాఠం ఇంకా పొట్టిది. "నేనొక్కదాన్నే అనుకున్నాను." ఆ తరవాత చాలాసేపు ఏమీ లేదు. ఆఖర్న చెవిలో చెప్పినంత మెల్లగా, "కింద ఎవరో ఉన్నారు," అంది.

ఈసారి నజీహా భయపడింది. చున్నీ కప్పుకుని తిన్నగా మునాఫ్ కొట్టుకి వెళ్ళింది. నువ్వు వేసిన డిస్కు ఎక్కడిదని నిలదీసింది. మునాఫ్ నీళ్ళు నమిలాడు. కొత్తవాటిలో సగం దొంగసరుకని చెప్పాడు. పాతవే నయమన్నాడు. గోతాల్లో వస్తాయట. ఖాళీ అయిన ఇళ్ళవి, మనుషులు మిగలని ఇళ్ళవి. ఎవరివని ఎవరడుగుతారన్నాడు.

"తుడిచావా?"

"తుడిచా, ఉమ్ రఫల్. పైపైన." మునాఫ్ తల దించుకున్నాడు. "లోపలిదాకా తుడవాలంటే మూడు గంటలు ఆగకుండా కరెంటుండాలి. ఎక్కడుంది చెప్పు? పేర్లు చెరిపేశానంతే."

నజీహా వెనక్కి తిరిగింది. ఇంటికి ఎలా నడిచి వచ్చిందో ఆవిడకే తెలియదు.

మళ్ళీ గురువారం. పొద్దున్నుంచీ గాలి స్తంభించిపోయి ఉంది. పదకొండు గంటలకి ఆకాశం పడమట పసుపుపచ్చగా అయింది. గాలిబ్ ఆఫీసు నుంచి ఫోను చేసి దుమ్ము తుఫాను వస్తోందనీ, తగ్గేదాకా రాలేననీ చెప్పాడు. నజీహా గుడ్డలు తడిపి కిటికీ సందుల్లో కుక్కింది, తలుపుకి తడి దుప్పటి వేలాడదీసింది. పన్నెండున్నరకి తుఫాను వీధిలోకి వచ్చింది. హాలంతా మొదట నారింజ రంగు, తరవాత ఎరుపు, ఆ తరవాత మిట్టమధ్యాహ్నమే చీకటి. తడిసిన మట్టిగోడ వాసన. నాలుక మీద సున్నపు రుచి. ప్రభుత్వ కరెంటు ఎప్పుడో పోయింది. వీధి జనరేటరొక్కటే గుర్రుమంటోంది. సాయంత్రం ఆరు దాకా ఆపనని జనరేటరు మనిషి పొద్దునే మాటిచ్చాడు.

ఆ చీకట్లో తెర వెలుగు ఒక్కటే. పదకొండో ఫైలు వచ్చి ఉంది.

"అమ్మా, జాగ్రత్తగా విను. ఏడో పాఠంలో ఆపిన పని ఇదే. నా పుస్తకాల అరలో నీలం సీడీ ఉంది. అది పెట్టి డబ్బా తెరువు. మొత్తం తుడవమని అడుగుతుంది, సరేనను. ఏమీ మిగలకూడదు. నేను కూడా."

"నువ్వు కూడానా?" అంది నజీహా, రికార్డుతో మాట్లాడుతున్నానన్న సంగతే మర్చిపోయి.

గొంతు ఆగింది. విన్నట్టే ఆగింది.

"నేను వెళ్ళాలమ్మా. నువ్వు నీళ్ళు పోశావు, వచ్చాను. ఇప్పుడు వీళ్ళు వెళ్ళనివ్వడం లేదు. వసన్ అని ఒక పిల్ల ఉంది. నా చెయ్యి పట్టుకుని వదలడం లేదు. నువ్వు మాట్లాడినప్పుడల్లా, ఆవిడ ఎవరమ్మ, ఎవరమ్మ అని అడుగుతుంది. మా అమ్మ అంటే నవ్వుతుంది." ఆయాసం. "తుడుస్తున్నంతసేపూ ఎవరు పిలిచినా పలకకు. నా గొంతుతో పిలిచినా సరే. నా మీద ఒట్టు."

నజీహా ఒట్టు వేసింది. వేశాక కూడా ఒక గంటసేపు ఏమీ చెయ్యలేదు. ఏడు పాఠాలూ మొదటినుంచీ మరోసారి విన్నది. భయపడకు, కరవదు, అన్న చోట నవ్వొచ్చింది, ఆ నవ్వే ఏడుపయింది. ఈ గొంతు పోతే ఇక తన దగ్గర మిగిలేది ఏమిటి? బట్టల్లో వాసన ఎప్పుడో పోయింది. దిండు మీద తల గుంట ఎప్పుడో పోయింది. ఇది కూడా తన చేత్తోనే చెయ్యాలా? అయినా పిల్ల అక్కడ కాళ్ళు చాపుకోలేక ఉంది. తల్లి ఎంతసేపు చూస్తూ కూచుంటుంది?

నీలం సీడీ పెట్టింది. నల్ల తెర, తెల్ల అక్షరాలు. మొత్తం తుడవాలా అని అడిగింది. సరేనంది. అడుగున నూటికి ఎంత అయిందో చూపే అంకె వచ్చింది. సున్నా. చాలాసేపటికి ఒకటి.

మొదటి గంట ఏమీ జరగలేదు. గాలి తలుపుని తోస్తోంది. తడి దుప్పటి మీద దుమ్ము బురదలా దిగుతోంది. డిస్కు సన్నగా, ఆగకుండా మూలుగుతోంది. నజీహా కళ్ళలో వత్తులు వేసుకుని అంకెనే చూస్తోంది. ముప్ఫై రెండు. ముప్ఫై మూడు.

ముప్ఫై నాలుగు దగ్గర స్పీకరు గరగరమంది.

ఆ సీడీతో తెరిస్తే స్పీకర్లు పలకవు. అదీ రఫలే చెప్పింది, ఆరో పాఠంలో.

"అమ్మా... కిటికీ వేసే ఉందా?"

నజీహా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

నలభై ఎనిమిది. "అమ్మా, మన వీధి పేరేమిటి? ఇప్పుడే గుర్తుంది... ఇప్పుడే..."

చున్నీ కొస పళ్ళ మధ్య ఇరికించి కొరికింది. గోడ అవతల ఏదో రేకు ఎగిరి పడింది. అరవై ఒకటి. అరవై రెండు. డిస్కు మూలుగు కింద ఇంకేవో గొంతులు. మాటలు కావు... జనం నిండిన గదిలో అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నట్టు... ఒక ముసలాయన దగ్గు. ఎక్కడో పసిపిల్ల ఏడుపు. ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. అంకె పెరిగినకొద్దీ ఆగిపోతున్నాయి.

డెబ్భై ఐదు. "నాన్న ఎలా ఉంటాడమ్మా? మొహం రావడం లేదు."

 నజీహా నుదురు బల్లకేసి ఆనించింది. పలకను. ఒట్టేశాను. పలకను.

ఎనభై ఎనిమిది.

"నా పేరేమిటి?"

...

"అమ్మా, నా పేరు చెప్పవా?"

ఆ పేరు నాలుక చివర దాకా వచ్చింది. నాలుక కొరుక్కుంది. ఉప్పగా రక్తం తగిలింది. అంకె కదలడం లేదు. తొంభై మూడు... తొంభై మూడు... తొంభై నాలుగు. మిగతా గొంతులన్నీ ఆగిపోయాయి. ఇంక ఒక్కటే. సన్నగా, ఏడుస్తూ.

"అక్కడున్నావా? చీకటిగా ఉంది. నాకు భయమేస్తోంది. అమ్మా... ఉన్నావా?"

ఆస్పత్రిలో ఆఖరి రాత్రి ఆ పిల్ల అడిగిన మాట అది. అవే మాటలు. అప్పుడు నజీహా వరండాలో మందుల కోసం నిలబడి ఉంది. నర్సు వచ్చి, మీ పిల్ల మిమ్మల్ని అడిగింది అని చెప్పేసరికి అడిగేవాళ్ళు లేరు. అప్పుడు పలకలేదు. ఇప్పుడు కూడా పలకకపోతే తను తల్లేనా?

తొంభై ఏడు.

రెండు చేతులతో ప్లగ్గు పీకేసింది.

తెర ఆరిపోయింది. డిస్కు మూలుగు సన్నబడి, సన్నబడి, ఆగింది. గదిలో కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. జనరేటరు గుర్రు. తన గుండె చప్పుడు.

"రఫల్?" అంది. ఒట్టు, ఇంకేముంది, పోయింది. "రఫల్, ఉన్నానమ్మా. ఇక్కడే ఉన్నాను."

ఏమీ లేదు.

"తల్లీ, ఒక్కసారి మాట్లాడు."

చాలాసేపు ఏమీ లేదు. తుఫాను కూడా ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం ఆగింది. అప్పుడు, ప్లగ్గు లేని ఆ స్పీకర్లలోంచి, చాలా దగ్గరగా...

"అమ్మా."

గొంతు మంచిదే. ఆడపిల్ల గొంతే. ఒక్క ఆయాసం లేదంతే. పుట్టి బుద్ధెరిగాక ఒక్కరోజు కూడా జబ్బు చెయ్యని పిల్ల గొంతులా నిండుగా ఉంది. రఫల్ మెట్లెక్కి వచ్చినా, పడుకుని లేచినా మాట చివర చిన్న ఈల లాంటి ఆయాసం ఉండేది. అది లేదు. నజీహాకి తెలిసిపోయింది. ఎదుటున్నది ఎవరో తెలియకపోయినా, ఎవరు కాదో బాగా తెలిసిపోయింది. తన బిడ్డ ఆ తొంభై ఏడులో వెళ్ళిపోయింది. ఇది మిగిలిన మూడు.

"అమ్మా," అంది మళ్ళీ. గారంగా అంది.

లేచి వీధిలోకి పరిగెత్తాల్సింది. డబ్బా ఎత్తి నేలకేసి కొట్టాల్సింది. నజీహా కదల్లేదు. తనను ఎదురుగా ఆ మాట పెట్టి పిలిచి ఎన్ని నెలలయింది? రికార్డులో పిలుపు వేరు. అది ఎప్పుడో అయిపోయిన పిలుపు. ఇది ఇప్పుడు, తన కోసమే ఆగి, తను పలుకుతుందా లేదా అని చెవులు రిక్కించి ఉన్న పిలుపు. ఆకలితో ఉన్నవాళ్ళు ఎవరి అన్నమని అడగరు. ఆవిడ ఆ చీకట్లో, పాడుబడిన గుండెతో, తప్పని తెలిసే చేసింది.

"ఏం తల్లీ?" అంది.

స్పీకర్లలో ఎవరో తృప్తిగా ఊపిరి వదిలారు.

డబ్బాలో ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. మెత్తగా, కొత్త యంత్రంలా. తెర వెలిగింది. ప్లగ్గు ఇంకా నజీహా చేతిలోనే ఉంది. తెర మీద చెత్త లేదు, పాత ఫోటోల్లేవు, పెళ్ళి వీడియోల్లేవు. ఒక్క ఫోల్డరు. 'అమ్మకి'. ఆవిడ దాన్ని విప్పలేదు. అలాగే కూచుంది, తుఫాను పలచబడి, కిటికీ మళ్ళీ ఎరుపెక్కి, పసుపెక్కి, మామూలు సాయంత్రం అయ్యేదాకా.

అయిదున్నరకి గాలిబ్ వచ్చాడు. కనుబొమల నిండా దుమ్ము, మెడకి తడి తువ్వాలు. గుమ్మంలో బట్టలు దులుపుకుని, తడి దుప్పటి తప్పించుకుని లోపలికొచ్చి, రోజూ లాగే కుర్చీ మీద చతికిలబడ్డాడు. దారిలో బస్సులన్నీ నిలిచిపోయాయనీ, సగం దూరం నడిచే వచ్చాననీ చెప్పాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ కంప్యూటర్ వైపు చూశాడు.

"బాగయినట్టుందే," అన్నాడు. "చప్పుడే లేదు. ఉమ్ వసన్, కాస్త టీ పెట్టు, గొంతెండిపోయింది."

నజీహా అతని మొహంలోకి చూసింది. వేళాకోళం లేదు. అలసిపోయిన మొగుడి మొహం, అంతే. పందొమ్మిదేళ్ళుగా అదే పేరుతో పిలుస్తున్న మనిషి మొహం.

ఆవిడ వెనక గోడకి, పిల్ల పోయాక మూలన నల్ల రిబ్బను కట్టి పెట్టిన ఫోటో ఉంది. బూట్లు విప్పుకుంటూ గాలిబ్ రోజూ చూసినట్టే దాని వంక చూసి, రోజూ లాగే నిట్టూర్చాడు. నజీహా మాత్రం ఆ వైపు తల తిప్పలేదు. గోడ మీద చూపు పడకుండా, తల వంచుకుని, వంటింట్లోకి వెళ్ళి టీకి నీళ్ళు పెట్టింది.